అద్దంలో ఉన్నట్టే

నాకు నోరెక్కువ. ఆ మాట ఇంకెవరైనా అంటే ఊరుకోను, నేనే చెప్పుకుంటున్నాను కాబట్టి సరిపోయింది. మస్కట్‌లో కంటి వార్డులో నర్సుని. ఇక్కడికొచ్చి చాలా ఏళ్ళయింది. మధ్యలో రెండేళ్ళు ఇంగ్లాండు వెళ్ళొచ్చాను. ఆ రెండేళ్ళూ నా నెత్తికెక్కి కూర్చున్నాయి, ఇప్పటికీ దిగలేదు.

ఇంగ్లాండులో నేను పెద్దాసుపత్రిలో చేశానని మా తెలుగు సంఘంలో అందరూ అనుకుంటారు. నేను కాదనలేదు. నిజం చెప్పాలంటే ఒక పల్లెటూళ్ళో వృద్ధుల హోములో చేశాను. ముసలివాళ్ళకి స్నానాలు చేయించాను, పక్కబట్టలు మార్చాను. అక్కడి నర్సుల పరీక్ష రెండుసార్లు రాసి రెండుసార్లూ తప్పాను. తప్పిన రోజున ఏడవడానికి చోటు కావాలి కదా, హోముకి ఎదురుగా గుడి ఉంటే అందులోకి వెళ్ళి కూర్చున్నాను. మా గుంటూరు వైపు చర్చిని గుడి అనే అంటాం.

ఆ గుడి కట్టి ఏడువందల ఏళ్ళు దాటిందట. గోడలన్నీ నల్లటి చెకుముకి రాళ్ళు, సున్నంలో గుచ్చినట్టు ఉంటాయి. ఒక పక్క మొద్దులాంటి చదరపు బురుజు, దాంట్లో గంటలు. తలుపుకి ముందు చిన్న మంటపం, అందులో అటూ ఇటూ రాతి అరుగులు. ఎన్ని తరాల వాళ్ళు కూర్చున్నారో, అరుగుల మధ్య గుంటలు పడ్డాయి. లోపల రెండు వరుసల స్తంభాలు. ఒక వరుస లావుగా గుండ్రంగా, రెండో వరుస సన్నగా ఎనిమిది పలకలతో. రెండో వరుస వందేళ్ళ తర్వాత కట్టారట, ఈలోగా మోజు మారిపోయింది. పెళ్ళిలో అబ్బాయి తరఫు వాళ్ళూ అమ్మాయి తరఫు వాళ్ళూ నిలబడినట్టు రెండు వరుసలూ ఒకదాన్నొకటి పట్టించుకోకుండా నిలబడి ఉంటాయి. కింద నేలంతా సమాధి పలకలే. చచ్చిపోయిన పెద్దమనుషుల పేర్ల మీద నడుచుకుంటూ వెళ్ళి కూర్చోవాలి.

తూర్పు గోడంతా ఒకటే కిటికీ. రాతిని తీగల్లా చెక్కి, పైకి పోనిచ్చి, కొసల్లో ఆకుల్లా కలిపారు. ఆ రాతి తీగల మధ్యన రంగుటద్దాలు. పెద్ద పెద్ద పలకలేం కాదు, అరచేతిలో పట్టేంత ముక్కలు. ఒక్కో ముక్క చుట్టూ సీసపు పట్టీ. ఎరుపు, నీలం, పసుపు. ముఖాలూ బట్టల మడతలూ ముదురు గోధుమ రంగు గీతలతో వేసి కాల్చారు. మధ్యలో ప్రభువు చెయ్యెత్తి కూర్చుని ఉంటాడు. తీర్పు దినం. ఆయన కుడివైపు గొర్రెలు, ఎడమవైపు మేకలు. గొర్రెలంటే మంచివాళ్ళు, వాళ్ళకి పరలోకం. మేకలంటే పాపులు, వాళ్ళకి నిప్పు.

అక్కడ పువ్వులు సర్దే ఒక ముసలావిడ నన్ను చూసి జాలిపడి అన్నీ వివరించింది. బొమ్మలు గిట్టనివాళ్ళెవరో ఒకప్పుడు కర్రలతో ఆ కిటికీని పగలగొట్టారట. ఆ తర్వాత ముక్కలు ఏరి, దొరికినవి దొరికినచోట అతికించారు. అందుకే ఒక మేక మెడ మీద ఎవరో గడ్డపాయన తలకాయ ఉంటుంది. రంగు గీతలు ఎప్పుడూ లోపలి వైపే ఉండాలనీ, బయటవైపుంటే ఎండావానా తినేస్తాయనీ ఆవిడే చెప్పింది. నేను కళ్ళు తుడుచుకుని ఫోన్లో ఫోటో తీసుకున్నాను. ఇంగ్లాండు నుంచి నేను తెచ్చుకున్నది ఆ ఫోటో ఒక్కటే.

మస్కట్‌లో అన్ని భాషల సంఘాలకీ కలిపి ఒకే చర్చి కాంపౌండు. మా తెలుగువాళ్ళకి శుక్రవారం పొద్దున రెండు గంటలు హాలు ఇస్తారు. ఆ హాల్లో వేదిక వెనక ఒక కిటికీ ఉంది, మామూలు అల్యూమినియం కిటికీ, దాంట్లోంచి ఎండ నేరుగా పాస్టరు గారి నెత్తిన పడుతుంది. దానికి తెర కట్టాలా, రంగుటద్దం పెట్టాలా అని కమిటీ కూర్చుంది. నేను వెంటనే లేచి ఫోన్ తీశాను. ఇంగ్లాండులో గుళ్ళెలా ఉంటాయో అరగంట చెప్పాను. స్తంభాలు చెప్పాను, బురుజు చెప్పాను, సీసపు పట్టీలు చెప్పాను. అందరూ నోళ్ళు తెరుచుకుని విన్నారు. ఒక పెద్దాయన మాత్రం బొమ్మలు మనకెందుకమ్మా అని గొణిగాడు.

"మీ ఫోన్ మీద మీ మనవరాలి బొమ్మ ఉంది కదండీ, దానికి రోజూ దండం పెడుతున్నారా?" అన్నాను.

అందరూ నవ్వారు. పెద్దాయన మొహం చిన్నబోయింది. నాకు హాయిగా ఉంది. మీకే తెలుసు కాబట్టి మీరే చూసుకోండి అని పని నాకే అప్పగించారు. హాలు అన్ని భాషల వాళ్ళదీ కాబట్టి అక్షరాలు ఏమీ వద్దు, బొమ్మ ఒక్కటే అనుకున్నాం.

మస్కట్‌లోనే వాడి కబీర్ అనే పేటలో ఇండియన్ స్కూలు బస్సులు ఆగే రోడ్డు దాటితే వర్క్‌షాపులు. అందులో ఒకచోట విల్లాల వెంటిలేటర్లకి రంగుటద్దాలు చేస్తారని విని వెళ్ళాను. పని చేసేది జగిత్యాల వైపు మనిషి. యాభై దాటిన మనిషి, సన్నగా, చేతి వేళ్ళనిండా తెల్లటి గాట్లు. బిల్డింగు సైట్‌లో పనికని వచ్చి, ఒక ముసలి ఉస్తాద్ దగ్గర గాజు కొయ్యడం నేర్చుకుని, పదహారేళ్ళుగా అదే పని చేస్తున్నాడట. నేను తెలుగులో పలకరించేసరికి ఆయన మొహం వెలిగిపోయింది.

"సిస్టరమ్మా, మీది ఏ దవాఖాన?" అన్నాడు.

కంటి వార్డు అని చెప్పాను. అంతే, గాజు కోసే కట్టరు పక్కన పెట్టి దగ్గరికొచ్చాడు.

"అయితె నా కండ్లు జర జూడుండ్రమ్మా. పోయిన నెల ఒక గ్లాసు కటింగ్‌ల వలిగింది. నీ కండ్లు మసకవట్టినయి, ఇంకొక్క తప్పు వడితె వీసా క్యాన్సిల్ అంటుండు మేనేజర్ సాబ్. నాకైతె అన్ని మంచిగనే కనవడుతున్నయి. క్యాన్సిల్ జేస్తె ఊళ్ళె ఏం జెయ్యాలె? గీ పని ఆడ లేదు. గీ వయసుల మళ్ళ మట్టిపనికి ఎవలు పిలుస్తరు?"

ఫోన్ టార్చి వేసి రెండు కళ్ళూ చూశాను. పాపలు నల్లగా, తేటగా ఉన్నాయి. శుక్లం ఆనవాలే లేదు.

"నీ కళ్ళకేంటయ్యా, నిక్షేపంలా ఉన్నాయి. ఇంకో పదేళ్ళు ఢోకా లేదు" అన్నాను.

ఆయన చేతులు జోడించాడు. నా మాటతో ఆయన గుండెల మీద బరువు దిగింది. అది కళ్ళారా చూశాను, అందుకే ఇది ముందే చెప్తున్నాను.

ఫోటో ఇచ్చాను. చాలాసేపు చూశాడు. సీసపు పట్టీ ఎంత మందమో అడిగాడు, మేక మెడ మీద మనిషి తలకాయ ఎందుకుందో అడిగాడు. మన దాంట్లో మేకకి మేక తలే పెట్టమన్నాను. నవ్వాడు.

"గొర్లు ఎటు దిక్కు రావాలె సిస్టరమ్మా?"

"కుడివైపు."

"ఫోటోల ఎడ్మ దిక్కున్నయి గదమ్మా."

నేను చెప్పింది దేవుడి కుడి. ఆయన చూసింది తన ఎడమ. రెండు ముక్కల్లో విడమరిచి చెప్తే అయిపోయేది. కానీ నాకు డ్యూటీకి టైమవుతోంది, పైగా ఒక గాజు కోసేవాడు నాకు కుడీ ఎడమా నేర్పడమేంటని చిర్రెత్తింది.

"నీకు బైబిలు తెలుసా? గొర్రెలు కుడివైపే. ఎక్కువ ఆలోచించకు, అద్దంలో ఉన్నట్టే చెయ్యి."

"అద్దంల ఉన్నట్టేనా?"

"అదే కదా చెప్తున్నది! చెవుడా? అచ్చం అద్దంలో ఉన్నట్టే. ఒక్క గీత తేడా వచ్చినా ఊరుకోను."

"మీరెట్లంటె గట్లనే అమ్మా" అన్నాడు.

ఆరు వారాలు పట్టింది. మధ్యలో ఒకసారి వచ్చి చూడమని ఫోన్ చేశాడు. రెండు నీలం ముక్కల రంగు ఒకదానికొకటి కలవడం లేదు, మీరు చూసి చెప్తే బాగుంటుంది అన్నాడు. నీకు ఆ మాత్రం తెలీదా అని పెట్టేశాను. అప్పుడు వెళ్ళి ఉంటే చూసేదాన్ని. వెళ్ళలేదు.

గురువారం పొద్దున హాలుకి తెచ్చారు. ఆయనా, ఇంకో ఇద్దరూ కలిసి పాత పలక తీసి దీన్ని ఎక్కించారు. పాస్టరు గారు, కమిటీ వాళ్ళు, ఆ మనవరాలి బొమ్మ పెద్దాయన, షాపు మేనేజరు, అందరం నిలబడి ఉన్నాం. పైన కప్పిన గుడ్డ గాజు పనాయనే లాగాడు.

ఏమని చెప్పను! హాలు నేల మీద ఎర్రటి, నీలపు మరకలు పడ్డాయి. ఆ ముసలి గుళ్ళో ఏడుస్తూ కూర్చున్నప్పుడు నా ఒడిలో పడ్డ రంగులే అవి. గొర్రెల ఉన్ని ఒక్కొక్క ఉంగరం గీశాడు. ప్రభువు ముఖం దగ్గర గీత ఎంత సన్నగా ఉందంటే వెంట్రుకతో గీశాడేమో అనిపించింది. మసకబారిన కళ్ళకి చేతనయ్యే పని కాదది.

మొదట పెద్దాయనే అన్నాడు. "అదేంటి, ప్రభువు ఎడమ చేత్తో దీవిస్తున్నాడు?"

పాస్టరు గారు కళ్ళజోడు సర్దుకున్నారు. "అవును. గొర్రెలు కూడా ఆయనకి ఎడమ పక్కన ఉన్నాయి. మనల్నందర్నీ నరకానికి పంపినట్టుంది కదమ్మా ఇది."

ఎవరో కిసుక్కున నవ్వారు. ఫోటో తీసి పక్కన పెట్టి చూశాను. మొత్తం తిరగబడి ఉంది, ఎడమది కుడి, కుడిది ఎడమ.

గాజు పనాయన మాత్రం కంగారు పడలేదు. "సిస్టరమ్మ అద్దంల ఉన్నట్టు జెయ్యమన్నది సార్. అద్దంల జూస్తె ఎడ్మది కుడి అయితది గద. గొర్లు కుడికి రావాలన్నది, అద్దంల జూస్తె కుడికే వచ్చినయి. నాకు రెండు లెక్కలు గలిసినయి."

అప్పుడు వెలిగింది నాకు. ఆ షాపులో కిటికీకి బిగించేది గ్లాసు. ఆయన నోట మొదటి రోజు నుంచీ గ్లాసు అనే విన్నాను. వాళ్ళకి అద్దమంటే ముఖం చూసుకునేది ఒక్కటే. మా ఇంట్లో కిటికీదీ అద్దమే, ముఖం చూసుకునేదీ అద్దమే. నేను ఆ ఇంగ్లాండు కిటికీ అద్దంలో ఉన్నట్టు అన్నాను. ఆయన అద్దంలో ప్రతిబింబం అనుకున్నాడు. పైగా నేను కుడి అని కూడా అన్నాను. ఆయన తప్పు చెయ్యలేదు. నేను చెప్పింది అక్షరం పొల్లుపోకుండా చేశాడు.

ఆయన ఇంకో మాట కూడా అన్నాడు. "ఏం ఫికర్ లేదు సార్. పల్టాయించి బిగిస్తె అయిపాయె. అటు మొకం ఇటు జేస్తె అంత సీదా అయితది. పది నిమిషాల పని."

మేనేజరు నా వైపు చూశాడు. అలా తిప్పితే సరిపోతుందా సిస్టర్ అని హిందీలో అడిగాడు. సరిపోతుంది అంటే చాలు. కానీ అది అంటే, పది మంది ముందు కుడీ ఎడమా తెలియనిదాన్ని నేనని తేలిపోతుంది. గాజు కోసేవాడు నా తప్పు దిద్దినట్టవుతుంది.

"కుదరదు" అన్నాను. "రంగు గీతలు లోపలి వైపే ఉండాలి. ఇంగ్లాండులో నేను కళ్ళారా చూశాను. తిప్పితే గీతలు ఎండకి పోతాయి. అయినా నేను అద్దం గిద్దం అనలేదు. ఫోటోలో ఉన్నట్టు చెయ్యమన్నాను. ఫోటో కూడా ఇచ్చాను."

ఆయన నా మొహంలోకి చూశాడు. కోపంగా కాదు, నేను మర్చిపోయానేమో గుర్తు చేద్దామన్నట్టు. "అద్దంల అన్నరు గదమ్మా. నేను మళ్ళ గూడ అడిగితి."

మేనేజరు అంతకుముందే విసిగి ఉన్నాడు. ఈయనకి కళ్ళు పోయాయని నేను ఎప్పటినుంచో అంటున్నాను, మీరు కంటి నర్సు కదా, మీరే చెప్పండి, ఈయన కళ్ళు ఎలా ఉన్నాయి అని అడిగాడు.

ఇక్కడ నేను ఆలోచించలేదు అని రాసుకోవచ్చు. అబద్ధం. ఆలోచించాను. ఈ ఒక్క మాటతో అద్దం గొడవంతా ఎగిరిపోతుంది, తప్పు నాదీ కాదు, ఆయనదీ కాదు, కళ్ళది అవుతుంది అని లెక్కేసుకున్నాను. ఆయన దగ్గరికెళ్ళి, గడ్డం పట్టుకుని మొహం వెలుగు వైపు తిప్పాను. నీలం, ఎరుపు ఆయన చెంపల మీద పడ్డాయి. నల్లటి పాపలు, మొదటి రోజు చూసినట్టే తేటగా.

"రెండు కళ్ళలోనూ శుక్లం ఉంది" అన్నాను.

మేనేజరు చూశారా అన్నట్టు తలూపాడు. ఆయన గడ్డం ఇంకా నా చేతిలోనే ఉంది.

"మొన్న మంచిగున్నయంటిరి గదమ్మా?"

"మొన్న మొన్నే. ముదిరింది. ఈ వయసులో తొందరగా ముదురుతుంది."

ఆయన నమ్మాడు. నాకు ఆ రోజు అన్నిటికన్నా గుచ్చుకున్నది అదే. వాదిస్తాడనుకున్నాను, అరుస్తాడనుకున్నాను, అరిస్తే నాకు కూడా అరవడానికి వీలుండేది. ఆయన చెయ్యి కంటి ముందు పెట్టుకుని వేళ్ళు అటూ ఇటూ ఆడించి చూసుకున్నాడు. "గట్లనా అమ్మా. నాకు తెల్వనే లేదు" అన్నాడు. తర్వాత కిటికీ వైపు చూసి, మేనేజరుతో తన హిందీలో, మాఫ్ కర్నా సాబ్, సిస్టర్ సచ్ బోల్తీ అన్నాడు, నేను నిజమే చెప్తున్నానని.

వారంలో క్యాన్సిల్ కాగితాలు తయారయ్యాయి. విమానానికి రెండు రోజుల ముందు, నేను వార్డులో చుక్కల మందు వేస్తుండగా ఫోన్ చేశాడు.

"సిస్టరమ్మా, మీరు అద్దం మాట జెప్పొద్దు, నేనే తప్పు ఇన్న అనుకోండ్రి. మేనేజర్ సాబ్‌కు ఒక్క ఫోన్ గొట్టుండ్రి చాలు. ఆపరేషన్ జేస్తె కండ్లు మళ్ళ మంచిగయితయి, అప్పుడు రానియ్యుండ్రి అని. మీ మాటయితె ఇంటడు."

నన్ను తప్పు ఒప్పుకోమనలేదు. నా అబద్ధాన్ని అలాగే ఉంచి, దాని మీద ఇంకో చిన్న మాట వెయ్యమన్నాడు, అంతే. డ్యూటీలో ఉన్నాను, తర్వాత చూస్తాను అన్నాను. సరే అమ్మా, మరువకుండ్రి అన్నాడు. మరవలేదు. సాయంత్రం ఇంటికొచ్చి ఫోన్ చేతిలో పట్టుకున్నాను కూడా. ఆపరేషనంటే పరీక్ష చేస్తారు, చేస్తే ఏమీ లేదని తేలుతుంది, తేలితే ఆ మేనేజరు నన్నడుగుతాడు. ఫోన్ పక్కన పెట్టి పప్పు తాలింపు వేసుకున్నాను.

ఇక అందరికన్నా సిగ్గులేని పని. ఆయన వెళ్ళిపోయిన రెండు వారాలకి కమిటీ మళ్ళీ కూర్చుంది. తిరగబడ్డ తీర్పుని ఏం చెయ్యాలని. పాస్టరు గారు ప్రసంగం చేస్తుంటే వెనక ప్రభువు ఎడమ చెయ్యెత్తి కూర్చుంటే ఎవరికీ మనసు నిలవడం లేదు. కొత్తది చేసేవాడు ఇప్పుడు లేడు. నేను లేచాను.

"ఒక పని చేద్దాం. దాన్ని తిప్పి బిగిద్దాం. గీతలు బయటికెళ్తాయి, అయినా దాని మీద ఇంకో మామూలు పలక వేస్తే ఎండా దుమ్మూ తగలదు."

ఎంత తెలివిగా ఆలోచించావమ్మా అన్నారు. పది నిమిషాలు పట్టింది, ఆయన చెప్పినంతే. గొర్రెలు ప్రభువు కుడికి వెళ్ళాయి, మేకలు ఆయన ఎడమకి వెళ్ళాయి, అందరూ చప్పట్లు కొట్టారు. పెద్దాయన కూడా కొట్టాడు. ఇప్పుడు కొత్తగా ఎవరొచ్చినా నన్ను పిలిచి ఆ కిటికీ గురించి చెప్పమంటారు. నేను చెప్తాను. ఇంగ్లాండు గుడి, రెండు రకాల స్తంభాలు, మేక మెడ మీద తలకాయ, అన్నీ చెప్తాను. చేసిందెవరని అడిగితే వాడి కబీర్‌లో ఒక షాపు అంటాను.

మొన్న శుక్రవారం ఆరాధన అయ్యాక, వేదిక కిందే నిలబడి ఉండగా ఫోన్‌లో ఆయన గొంతు మెసేజీ వచ్చింది. వెళ్ళి ఏడు నెలలయింది. చెవి దగ్గర పెట్టుకుని విన్నాను.

"సిస్టరమ్మా, బాగున్నరా? ఊరికచ్చినంక కండ్లు వోతున్నయని ఏ పనికి వోలేదమ్మా. ఇంటిదాని చెయ్యి వట్టుకునే నడిచిన. నిన్న కరీంనగర్ పెద్ద దవాఖాన్ల ఆపరేషన్ జేయించుకుందామని వోతె, డాక్టర్ సాబ్ మిషన్ వెట్టి జూసి, నీ కండ్లల్ల శుక్లం లేదు, ఏం లేదు, అద్దాలు గూడ అక్కర్లేదన్నడు. మంచిగనే కనవడుతున్నయమ్మా. మీకు జెప్తె సంతోషవడ్తరని జేస్తున్న. ఆ దినం మీకే సరిగ్గ కనవడలేదేమో. కండ్ల నర్సయితె ఏంది, అందరి కండ్లు జూసి జూసి మీ కండ్లు అలిసిపోతయి గద. మీరు గూడ ఒక్కపారి చూయించుకోండ్రమ్మా."

మూడుసార్లు విన్నాను, ఎక్కడైనా వెటకారం ఉందేమోనని. ఉంటే బాగుండునని. లేదు. ఆయనకి వెటకారం రాదు.